నడవాలో పోయిన వీధులు

పెద్ద ఫిట్టరు జీవితంలో దేన్నీ పూర్తిగా మూసిన పాపాన పోలేదు. వంటింట్లో పంచదార డబ్బా మూత ఓ పక్కకి ఒరిగే ఉంటుంది. బీరువా తలుపు బెత్తెడు తెరిచే ఉంటుంది. స్నానాలగదిలో కుళాయి రోజంతా చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. ముప్పై ఆరేళ్ళు నీళ్ళ సరఫరా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి ఇంట్లో కుళాయి కారడమేమిటని వచ్చినవాళ్ళు నవ్వితే ఆయన నొచ్చుకోడు సరికదా, కూర్చోబెట్టి పాఠం చెబుతాడు. వాల్వును ప్రాణం పోయేలా బిగిస్తే అది తుప్పు పట్టి కరుచుకుపోతుంది. ఆనక గునపంతో బద్దలు కొట్టాల్సిందే. చివర్లో పావు చుట్టు వదిలితే ఎన్నేళ్ళకైనా రెండు వేళ్ళతో తిరుగుతుంది. ఈ సిద్ధాంతం వల్ల తమ ఇంట్లో బాగుపడ్డవి చీమలేనని ఆయన భార్య అంటుంది.

ఆయన తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆఫీసు రికార్డుల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరికీ పెద్ద ఫిట్టరే. ఊరి నేల కింద రెండువందల పన్నెండు వాల్వులుంటే, ఏది ఏ అరుగు పక్కన, ఏ స్తంభానికి ఎన్ని అడుగుల దూరంలో, ఎంత లోతున ఉందో ఆయనకు కంఠతా వచ్చు. వీటిలో ఒక్కటీ ఆయన ఎక్కడా రాసుకోలేదు. కాగితం తడుస్తుంది, బుర్ర తడవదు అనేది ఆయన వాదన. దాని ఫలితంగా రిటైరై నాలుగేళ్ళయినా ఆయన ఫోను రిటైరు కాలేదు. రోజుకి రెండు మూడు సార్లు కొత్త ఫిట్టరు ఏదో వీధిలోంచి ఫోను చేసి, గురువుగారూ, ఇక్కడ తవ్వితే రాయి తగులుతోంది, వాల్వు కనబడదేమిటని అడిగేవాడు. ఆయన కళ్ళు మూసుకుని, ఎదురుగా టైర్ల కొట్టుందా, దాని రెండో మెట్టు మీద నిలబడు, ఇప్పుడు వెనక్కి తిరుగు, ఏడడుగులు వెయ్యి, అని చెప్పేవాడు. అవతల పార నేలకి తగిలిన చప్పుడు, ఆ వెంటనే ఇనుప మూతకి తగిలిన చప్పుడు వినబడితే ఆ పూట ఆయన ఓ ముద్ద ఎక్కువ తినేవాడు.

అలాంటి మనిషి దగ్గరికి ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ స్వయంగా ఇంటికొచ్చింది. మార్కెట్టు రోడ్డు పొడవునా పాత పైపు తీసి కొత్తది వేస్తున్నారట. మూడు వారాల తరవాత సోమవారం పొద్దున్నే తవ్వకం మొదలు. ఎక్కడ ఏ వాల్వుందో తెలియకుండా యంత్రం దించితే ఊరంతా వారం రోజులు గొంతు తడవదని, కాబట్టి మొత్తం ఊరి పటం గీసి అంతకు ముందు శనివారానికల్లా ఇవ్వాలని ఆవిడ అడిగింది. పటంతోపాటు నింపడానికో పట్టిక, ఆ పట్టిక తెరుచుకునే ప్రోగ్రామూ ఓ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చింది. "మీరు తప్ప ఎవరూ చెయ్యలేరు ఫిట్టరుగారూ" అంది. ఆ మాటకి ఆయన ఉబ్బి తబ్బిబ్బయి ఒప్పేసుకున్నాడు. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు కూడా. లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాక ఒక బెంగ పట్టుకుంది. అంతా కాగితం మీదికి ఎక్కేస్తే ఇక ఆయనకి ఫోను చేసేదెవరు? ఈ మాట ఆయన పెళ్ళానికి కూడా చెప్పలేదు. వినడానికే సిగ్గుగా ఉండే మాట అది.

పటం గీయగలిగిన మనిషి ఇంట్లోనే ఉంది. కోడలు పాఠ్యపుస్తకాలకి బొమ్మలు గీస్తుంది. కప్ప గుండెకాయ దగ్గర్నించి ఆవిరి యంత్రం దాకా ఏదైనా సరే, ఇంట్లోనే కూర్చుని ల్యాప్‌టాప్‌లో గీసి పంపుతుంది. ఆ ల్యాప్‌టాప్ ఆమె మొగుడిది. ఫ్యాక్టరీవాళ్ళు అతనికి కొత్తది ఇచ్చాక పాతదాన్ని ఇంటికి వదిలేశాడు. వదిలేస్తూ దాన్ని రెండు వాటాలు చేసి, ఒకదాంట్లో విండోస్, రెండోదాంట్లో లినక్స్ అనే ఇంకో వ్యవస్థ పెట్టాడు. కోడలు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉన్నది లినక్స్‌లో. ఆఫీసువాళ్ళ పట్టిక తెరుచుకునేది విండోస్‌లో మాత్రమే. మీట నొక్కగానే నల్లటి తెర మీద రెండు పేర్లు వస్తాయి, పది లెక్కపెట్టేలోగా ఎవరి పేరు వాళ్ళు ఎంచుకోవాలి.

పెద్ద ఫిట్టరు తన జీవితంలో సగం అద్దె ఇళ్ళలో గడిపినవాడు కనుక దీన్ని ఆయన తేలిగ్గానే అర్థం చేసుకున్నాడు. ఒకే ఇంట్లో రెండు వాటాలు, ఇద్దరు అద్దెవాళ్ళు, ఎవరి తాళం వారిది. ఒకరుండగా రెండోవారు లోపలికి రాకూడదు. ఒక్క విషయం మాత్రం ఆయనకి మింగుడు పడలేదు. కోడలి వాటాలోంచి చూస్తే మామగారి గదులన్నీ కనబడతాయి. మామగారి వాటాలోంచి చూస్తే కోడలి గది ఉందన్న సంగతే కనబడదు. ఇదెక్కడి న్యాయమని కొడుకుని అడిగితే, విండోస్‌కి లినక్స్ భాష రాదు నాన్నా, లినక్స్‌కి రెండూ వచ్చు, అని తేల్చేశాడు. రెండు భాషలొచ్చిన కోడలి ముందు మామగారు కాస్త ముడుచుకుని కూర్చున్నాడు.

మరి ఇద్దరూ కలిసి చేసే పని ఎక్కడ పెట్టుకోవాలి? అందుకోసం కొడుకు రెండు వాటాలకీ మధ్య ఒక ఉమ్మడి డ్రైవు వేశాడు. రెండు వైపులవాళ్ళకీ చదవడం, రాయడం వీలయ్యేలా దాన్ని తయారుచేశాడు. పెద్ద ఫిట్టరు దానికి నడవా అని పేరు పెట్టాడు, ఆ పేరే ఇంట్లో స్థిరపడిపోయింది. పొద్దున పూట ఆయన తన వైపు తెరిచి వీధి వీధికీ వాల్వుల వివరాలు నింపి నడవాలో పెడతాడు. మధ్యాహ్నం కోడలు తన వైపునించి వచ్చి వాటిని తీసుకుని ఆ వీధి బొమ్మ గీసి, మళ్ళీ నడవాలోనే పెడుతుంది. మర్నాడు పొద్దున ఆయన ఆ బొమ్మ చూసి, మంగలి షాపు ఎడమవైపుకి జరుపమ్మా, ఆ స్తంభం వంకరగా ఉంటుంది చూశావా, అంటూ దిద్దుబాట్లు రాసి పెడతాడు. కోడలి సొంత గదిలో కప్ప గుండెకాయలూ ఆవిరి యంత్రాలూ కిక్కిరిసి ఉండటంతో వీధులన్నీ నడవాలోనే మకాం పెట్టాయి. ఇంకోచోట ఒక నకలు దాచాలన్న ఆలోచన ఇద్దరికీ వచ్చింది. ఎదుటివాళ్ళు దాచే ఉంటారని ఇద్దరూ అనుకున్నారు.

మొదటి రెండు వారాలూ పని సాఫీగా సాగిపోయింది. పేచీ అంటూ వస్తే గడియారం దగ్గరే వచ్చింది. కోడలి వైపునుంచి మామగారి వైపు మారినప్పుడల్లా తెర మీద గడియారం కొన్ని గంటలు అటో ఇటో దూకేది. సరఫరా వేళల్ని నిమిషాల మీద నడిపిన మనిషికి ఇది ప్రాణసంకటమే. ఓ రోజు దాన్ని నమ్మి పదిన్నరకే వచ్చి పీట వాల్చుకుని భోజనానికి కూర్చున్నాడు. బియ్యం ఇంకా కడగలేదని భార్య చెప్పినా లేవకుండా, కంప్యూటరు అబద్ధమాడదన్నాడు. కంప్యూటరునే వండమనండి అందావిడ.

ముప్పై ఒక్క వీధులు పూర్తయ్యాయి. ఇక మిగిలింది ఆరు. సరిగ్గా ఆ సమయంలో పెద్ద ఫిట్టరుకి జ్ఞానోదయమైంది.

ఆయనకి మొదటినించీ ఒక బాధ ఉండేది. పని అయ్యాక షట్‌డౌన్ నొక్కి పూర్తిగా ఆపమని కోడలు నేర్పింది. అలా ఆపితే మర్నాడు ప్రతి కాగితాన్నీ మళ్ళీ తెరవాలి, పట్టికలో ఎక్కడిదాకా వచ్చాడో మళ్ళీ వెతుక్కోవాలి. అంతకన్నా ముఖ్యం, ఆ పూర్తిగా అన్న మాటే ఆయనకి సహించదు. ఓ రోజు జిరాక్సు కొట్టుకి వెళ్ళినప్పుడు కొట్టాయన తన కంప్యూటరుని ఎలా ఆపుతున్నాడో చూశాడు. హైబర్నేట్ అట. దాంతో కంప్యూటరు ఆగినట్టే ఆగుతుంది గానీ, తెరిచిన కాగితాలన్నీ ఎక్కడివక్కడ గుర్తుంచుకుని పడుకుంటుంది. లేవగానే పొద్దున్న వదిలిన చోటునించే మొదలుపెట్టొచ్చు. పెద్ద ఫిట్టరు కళ్ళు మెరిశాయి. ఇన్నాళ్ళకి పావు చుట్టు వదలడం తెలిసిన యంత్రం దొరికింది. తన వైపు కూడా అది వచ్చేలా జిరాక్సాయన చేత కాగితం మీద రాయించుకొచ్చి, గుట్టుచప్పుడు కాకుండా అమలుచేశాడు. కోడలితో చెప్పలేదు. ఒక్కటైనా తనంతట తాను కనిపెట్టానన్న ముచ్చట ఉంచుకున్నాడు.

మర్నాటి పొద్దున నడవాలో కోడలు పెట్టాల్సిన ముప్పై రెండో వీధి కనబడలేదు. పాపం పిల్ల అలిసిపోయి ఉంటుందనుకుని ఊరుకున్నాడు. ఆ మర్నాడు ముప్పై మూడోదీ లేదు. ఊరుకోలేకపోయాడు. అలాగని కోడల్ని నిలదీసే మామగారు కాదు. అందుకే భార్యతో అన్నాడు, అమ్మాయికి ఒంట్లో బాగాలేదేమో కనుక్కో, బొమ్మలు రావట్లేదు అని. ఆయన భార్యకి ఏ మాటనీ ఉన్నదున్నట్టు మోసే అలవాటు లేదు. వంటింట్లోకి వెళ్ళి, "ఏమ్మా, పని ఎగ్గొడుతున్నావని మీ మామగారు కుమిలిపోతున్నారు" అని అందించింది. కోడలు తెల్లబోయింది. తను రెండు బొమ్మలూ గీసి పెట్టింది, అవేమయ్యాయో తెలియదంది, మామయ్యగారు పొరపాటున ఏదైనా నొక్కారేమో మెల్లిగా అడగమంది. అత్తగారు అడిగింది కూడా. కాకపోతే ఆ మెల్లిగా అన్నది తోవలోనే పడిపోయింది. "మీరే తుడిచేశారట" అన్నదే పెద్ద ఫిట్టరు చెవిన పడింది.

ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో మర్యాద పెచ్చు మీరింది. మామగారు కనబడగానే కోడలు లేచి నిలబడేది. కోడలు వస్తుంటే మామగారు పేపరు అడ్డం పెట్టుకునేవాడు. చెప్పుకోవాల్సినవన్నీ అత్తగారి మీదుగానే వెళ్ళేవి. ఆవిడ ఈ చివరనించి ఆ చివరకి మాటలు మోసి మోసి, దారిలో కాస్త ఉప్పూ కారం చల్లి మరీ అందించేది.

బుధవారం పొద్దున ఆయన తన వైపు తెరిచి నడవాలోకి చూస్తే నడవాయే లేదు. అంటే పేరుంది, లోపల వీధులు లేవు. ముప్పై ఒక్క వీధుల చోట అడ్డదిడ్డమైన గుర్తులు, ఏ భాషకీ చెందని అక్షరాలు ఉన్నాయి. ఏది నొక్కినా తెరుచుకోదు. తను నింపిన పట్టికా లేదు.  శనివారం ఇవ్వాలి. సోమవారం యంత్రం దిగుతుంది. ఊరు అల్లల్లాడిపోతుంది, పెద్ద ఫిట్టరు మాటిచ్చి నిలబెట్టుకోలేకపోయాడని ఆఫీసంతా చెప్పుకుంటుంది. ఇదంతా ఆయనకి తెలుసు. అయినా మొట్టమొదట మనసులో కలిగింది భయం కాదు. హమ్మయ్య అనిపించింది. వాల్వులన్నీ మళ్ళీ ఆయన ఒక్కడి దగ్గరికే వచ్చేశాయి.

ఆ హమ్మయ్య అనుకున్నందుకు ఆయన తనని తాను చచ్చేలా తిట్టుకున్నాడు. అందుకే కోడలు పరుగున వచ్చి తెర చూసి కళ్ళనీళ్ళ పర్యంతమై, "మామయ్యగారూ, ఒట్టు, నేనేమీ చెయ్యలేదు" అన్నప్పుడు, నేనూ చెయ్యలేదమ్మా అని గట్టిగా అనలేకపోయాడు.  చేసింది తనో కాదో తెలియదు. పోతే బాగుండునని లోపలెక్కడో అనుకున్నది మాత్రం తనే.  ఆమె పక్కనే మరో కుర్చీ లాక్కుని కూర్చుని, రోజూ మీరేం చేస్తారో మొదటినించి చివరిదాకా చేసి చూపించమంది.

ఆయన చూపించాడు. తెరిచాడు, పట్టిక ఉండాల్సిన చోటు చూశాడు, నడవా చూశాడు, ఆపాడు. ఆపినప్పుడు కోడలు ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

"మామయ్యగారూ, రోజూ ఇలాగే ఆపుతున్నారా?"

"ఈ నాలుగైదు రోజులనించీ" అన్నాడాయన కొంచెం గర్వంగానే. వాల్వు సిద్ధాంతం మొత్తం వివరించాడు, పావు చుట్టు ఎందుకు వదలాలో చెప్పాడు, జిరాక్సాయన తెలివిని మెచ్చుకున్నాడు. కోడలు చివరిదాకా వింది. నవ్వాలో ఏడవాలో తెలియని మొహంతో ఆయన భాషలోనే విప్పి చెప్పింది. ఆయన వైపు పూర్తిగా ఆగితే మర్నాడు లేవగానే నడవాలోకి తొంగి చూసి ఏమేం ఉన్నాయో కొత్తగా లెక్కరాసుకుంటుంది. అలా కాకుండా నిద్రపుచ్చితే, పడుకునేముందు నడవా ఎలా ఉందో అదే బుర్రలో పెట్టుకుని పడుకుంటుంది. మధ్యాహ్నం కోడలు వచ్చి ఓ వీధి పెడుతుంది. పొద్దున అది లేచి మళ్ళీ చూడదు, నాకు తెలుసులే అనుకుంటుంది. ఖాళీ అనుకున్న చోట తన సామాను దించుతుంది. నిజానికి అక్కడ కోడలు పెట్టిన వీధి ఉంటుంది. అలా నాలుగు రోజులు ఒకరి మీద ఒకరు సామాను దించేసరికి నడవాలో ఏది ఎక్కడుందో నడవాకే తెలియకుండా పోయింది.

గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న అత్తగారు, ఇందులో వింతేముందంది. ఈయన ఇప్పటికీ ఉప్పు కావాలంటే పెళ్ళయిన కొత్తలో ఉప్పు డబ్బా పెట్టిన గూట్లోనే వెతుకుతాడట. అక్కడ ఇరవై ఏళ్ళుగా మేకులూ సుత్తీ ఉన్నాయి.

పెద్ద ఫిట్టరు మొహం చిన్నబోయింది. తప్పు తనదేనని తేలిపోయాక కోడలికి ఆ మాట చెప్పాలి, నోరు రావడం లేదు. ముప్పై ఆరేళ్ళలో ఇంజనీర్లకి కూడా క్షమాపణ చెప్పిన మనిషి కాడు. భార్య వంక చూసి, అమ్మాయితో చెప్పు, నా వల్లే పోయిందని, అన్నాడు. ఈసారి ఆవిడ మోయడానికి ఒప్పుకోలేదు. రెండడుగుల దూరంలో ఉంది, మీరే చెప్పండి అని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కాసేపు గోడకేసి చూసి, చివరికి గోడతోనే అన్నట్టు, నాదే పొరపాటమ్మా అన్నాడు. కోడలు ఆ గోడ తరపున పరవాలేదంది.

పోయినవి ఎలాగూ తిరిగి రావు. ముప్పై ఏడు వీధులు, రెండున్నర రోజులు. కోడలు ఇంజనీరమ్మకి ఫోను చేసి పట్టికకి గడువు అడిగింది. పటం వస్తే చాలు, పట్టిక వచ్చే నెలలో ఇచ్చినా సరేనని ఆవిడ అంది. అంతే, ఇక మామగారి వాటాతో పనిలేదు. కోడలు తన గదిలోని కప్పల్నీ యంత్రాల్నీ మొగుడి కొత్త ల్యాప్‌టాప్‌లోకి సాగనంపి చోటు చేసుకుంది, పక్కన ఒక పెన్‌డ్రైవ్ కూడా పెట్టుకుంది. ల్యాప్‌టాప్‌ని మోచేతి మీద ఎత్తుకుని, పదండి మామయ్యగారూ, నడుద్దాం అంది.

నడిచారు. ఆయన ముందు, ఆమె వెనక. ఆయన స్తంభం పక్కన నిలబడి అడుగులు కొలుస్తాడు, కాలి బొటనవేలితో నేల మీద చుక్క పెడతాడు, లోతూ చుట్లూ చెబుతాడు. ఆమె అరుగు మీద కూర్చుని అక్కడికక్కడే గీస్తుంది. ఇంట్లో కూర్చుని గీసినప్పుడు మూడు సార్లు దిద్దిన వీధి ఇప్పుడు పావుగంటలో అయిపోతోంది. దారిలో కనబడ్డవాళ్ళంతా, ఏం పెద్దాయనా, మళ్ళీ ఉద్యోగంలో చేరావా అని పలకరించారు. ఆయన ప్రతివాళ్ళకీ ఆగి సమాధానం చెప్పబోతే కోడలు దగ్గి గుర్తుచేసేది. మంగలి షాపు స్తంభం నిజంగానే వంకరగా ఉందని ఆమె ఒప్పుకున్నప్పుడు ఆయన మీసం మెలేసినంత పని చేశాడు.

ఆ రెండు రోజుల్లోనూ కొత్త ఫిట్టరు నాలుగుసార్లు ఫోను చేశాడు. ఫోను మోగగానే ఆయన నడక ఆపేసేవాడు. కళ్ళు మూసుకుని, ఏ వీధి, ఎవరింటి ముందు, అంటూ మొదలుపెట్టేవాడు. అవతల మూత చప్పుడు వినబడేదాకా ఫోను చెవినించి తీసేవాడు కాదు. నాలుగోసారి ఫోను జేబులో పెట్టుకుంటూ నవ్వుతూనే అన్నాడు, "పాపం, ఎల్లుండినించి వీడికి నాతో పనుండదు." కోడలు తల ఎత్తి ఆయన మొహంలోకి చూసింది. గీస్తున్న గీత మళ్ళీ గీసుకుంది.

శుక్రవారం పొద్దు వాలేసరికి ముప్పై ఏడో వీధి కూడా ఎక్కింది. శనివారం పొద్దున కోడలు పటం మొత్తం తెర మీద పరిచింది. ఊరంతా పలచటి గీతలు, వాటి మీద ఎర్రటి చిన్న సున్నాలు. పెద్ద ఫిట్టరు కళ్ళజోడు తుడుచుకుని వీధి తరవాత వీధి చూసుకుంటూ వెళ్ళాడు. ఇంతకాలం బుర్రలో చీకట్లో ఉన్నదంతా ఇలా వెలుతుర్లో చూడటం ఆయనకదే మొదలు. తనకి ఇంత తెలుసా అనిపించింది, కాస్త గర్వపడ్డాడు. ఇరవై ఆరో వీధి దగ్గర వేలు ఆగింది. పిండిమర వెనక సందు. రెండు రోజుల కిందట ఆ సందు మొదట్లోనే ఇద్దరూ నిలబడ్డారు, తన బొటనవేలితో చుక్క పెట్టి మరీ చూపించాడు. ఇప్పుడక్కడ సున్నా లేదు.

ఆయనకి చటుక్కున కోపం వచ్చింది. ఇంత కష్టపడి ఒక్కటి వదిలేయడమేమిటి? "ఇక్కడొకటి పోయిందమ్మా" అన్నాడు, ఎంత అణుచుకున్నా గొంతు కరుగ్గానే వచ్చింది.

"పోలేదు మామయ్యగారూ. నేనే పెట్టలేదు."

ఆయనకి అర్థం కాలేదు. ఆమె తెర వంక చూస్తూనే మెల్లిగా చెప్పింది. "చిన్న సందే కదా. మార్కెట్టు రోడ్డుకి దూరం, తవ్వకానికి ఏం అడ్డం రాదు. ఎప్పుడైనా అక్కడ అవసరమొస్తే వాళ్ళు మీకే ఫోను చేస్తారు. అన్నీ ఇచ్చేస్తే ఎలా? ఒక్కటి మీ దగ్గర ఉండనివ్వండి."

 ముప్పై ఐదేళ్ళు కాపురం చేసిన భార్యకి చెప్పని మాట, తనకి తానే సిగ్గుపడి దాచుకున్న మాట, ఈ పిల్ల ఎప్పుడు చదివేసిందో తెలియదు. కళ్ళు చెమర్చాయి. ఉంచుకోవాలని కూడా అనిపించింది. అబద్ధమెందుకు, చాలా గట్టిగా అనిపించింది. రెండువందల పదకొండు ఇచ్చినవాణ్ణి ఒక్కటేమైందని ఎవరూ అడగరు. ఇంజనీరమ్మ దండ వేసినంత పని చేసి పంపుతుంది. ఏ ఆరు నెలలకో ఏడాదికో ఒక పొద్దున ఫోను మోగుతుంది, కళ్ళు మూసుకుని, పిండిమర తలుపు పక్కన నిలబడు అని చెప్పొచ్చు. ఆయన ఆ సందు తలుచుకున్నాడు. చివరి ఇంటి ముందు బిందెలు, గోడవారగా ఆరేసిన బట్టలు, ఓసారి అక్కడ పైపు పగిలితే మోకాటి లోతు నీళ్ళలో ఓ ముసలాయన్ని కుర్చీతో సహా ఎత్తి ఇవతలకి తేవడం గుర్తొచ్చాయి.

"ఆ సందులో పదకొండు ఇళ్ళున్నాయమ్మా" అన్నాడు. "వాళ్ళెవరికీ నా ఫోను నంబరు తెలీదు. పెట్టెయ్."

ఆమె ఇంకోసారి చెప్పబోయి ఆగిపోయింది. సందు మొదట్లో ఎర్రటి సున్నా పెట్టి, పక్కన అంకె వేసింది. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"లోతు మూడడుగులని రాయి. రాశావా? ఇంకోటి రాయాలి. ఊరిలో వాల్వులన్నీ కుడికి తిప్పితే మూసుకుంటాయి. ఇదొక్కటే ఎదురు మర. ఎడమకి తిప్పితే మూసుకుంటుంది. ఇది నేనెవరికీ చెప్పలేదు, ఇది ఎదురు మరనేదే ఎవరికీ తెలీదు. తిరగట్లేదని బలం పెట్టొద్దని రాయి. పెద్దక్షరాలతో రాయి."

కోడలు పెద్దక్షరాలతో రాసింది. ఆయన ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదువుకుని, ఇక ఆఫీసుకి పంపమన్నాడు.